నాయనమ్మ కొల్లేటి షికారు

నా చిన్నప్పుడు, ఏలూరులో మా వీధికింకా కరెంటు దీపాలు రాని రోజుల్లో, పిల్లల్ని షికారు తీసుకెళ్ళే పని మా ఇంట్లో నాయనమ్మది. ఇంకెవరికీ అంత తీరిక లేదు, తీరిక ఉన్నా అంత ఓపిక లేదు. ఇప్పుడు మా మనవలు తమ పిల్లల్ని కారెక్కించి ఎక్కడెక్కడో తిప్పుతారు. పొద్దున్నే హడావిడిగా వెళ్తారు, సాయంత్రానికి పెద్దలు విసుక్కుంటూ, పిల్లలు ఏడుస్తూ వస్తారు. ఇంత దూరం పోయి ఏం చూశార్రా అంటే ఎవరూ చెప్పలేరు. నా నోరు ఊరుకోదు, మా నాయనమ్మ అయితేనా అని మొదలుపెడతాను. మళ్ళీ మొదలెట్టింది ముసలమ్మ అని వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆవిడతో షికారుకెళ్ళి నేను ఏడుస్తూ ఇంటిదారి పట్టిన రోజు ఒక్కటంటే ఒక్కటే. ఇప్పుడు చెప్పబోయేది ఆ రోజు సంగతే.

ఆవిడ షికార్లకి రెండే షరతులు. అన్నం మూట మన ఇంట్లోంచే రావాలి, దీపాలు పెట్టేవేళకి మళ్ళీ మన ఇంట్లో ఉండాలి. ఈ రెంటికీ లోబడి ఆవిడ మాకు చూపించని వింత లేదు. లాకుల దగ్గరకి తీసుకెళ్ళి, తలుపులు మూసి నీళ్ళు వదిలితే అంత పడవా నిచ్చెన లేకుండా ఎలా పైకెక్కి వస్తుందో చూపించేది. మా ఊళ్ళో కృష్ణ కాలవా గోదావరి కాలవా వచ్చి కలుస్తాయి. అక్కడ మాచేత అటొక మునక, ఇటొక మునక వేయించి, "కాశీకి పోయినవాళ్ళకైనా గంగొక్కటే. మీకు ఒక్క పూటలో రెండు నదులు" అంటూ తలలు తుడిచేది. ఒకసారి తివాచీలు నేసే సాయిబుగారి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్క ముడి వేయనివ్వండి బాబూ అని ఆయన్ని బతిమాలి, మా తమ్ముడిచేత వేయించింది. ఆ తివాచీ ఏ దొరగారి బంగళాకి పోయిందో గానీ, అది తనే నేశానని మా తమ్ముడు పెళ్ళయ్యాక కూడా చెప్పుకు తిరిగాడు.

మా నాన్నగారు ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. పొద్దస్తమానం దస్తావేజులు చదివీ చదివీ, నోటి మాట కూడా రాసిన మాటలాగే ఉండాలన్న పట్టుదల ఆయనకి వచ్చేసింది. ఒకసారి అన్నాక అన్నట్టే. 'చూద్దాంలే' అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. తీసుకెళ్తానంటే తీసుకెళ్ళేవారు, లేదంటే లేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, నేను ఆయన కూతుర్ని, నాకూ అదే జబ్బు. తమ్ముడు తినొద్దన్న బెల్లం తింటే, ఏ మూల నిలబడి ఎంత ముక్క తిన్నాడో సహా చెప్పేదాన్ని. అమ్మ విసుగొచ్చినప్పుడు నన్ను 'చిన్న గుమాస్తాగారు' అనేది. నాన్నగారు మాత్రం మురిసిపోయేవారు. ఇంట్లో ఏది నిజమో తేల్చుకోవలసి వస్తే నన్నే పిలిచి అడిగేవారు. అది నాకు మహా గర్వంగా ఉండేది.

అమ్మ పుట్టిల్లు కొల్లేట్లో ఒక లంక ఊరు. చుట్టూ నీళ్ళు, మధ్యన కాస్త మెరక, దానిమీద ఇళ్ళు. నాకు అయిదేళ్ళప్పుడు అక్కడ మా మావయ్య పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర ఎవరు చూసుకోలేదో, ఇంటి అల్లుడైన నాన్నగారికి మొదటి బంతిలో విస్తరి లేకుండా పోయింది. రెండో బంతిలో కూర్చోండి అన్నది సాక్షాత్తూ మా తాతయ్యే. నూరు పనుల్లో ఉండి మామూలుగా అన్నాడో, కావాలని అన్నాడో ఆయనకే తెలియాలి. నాన్నగారు కండువా దులుపుకుని, "ఇక మీ గడప నేను తొక్కను, నా ఇంటి మనిషెవరూ తొక్కరు" అన్నారట. తాతయ్య తగ్గితేగా! "మేమూ మీ గడప తొక్కం" అన్నాడట. ఊరంతా విన్న మాట. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులే కావడం మా ఖర్మ.

ఆ తరవాత కొన్నాళ్ళకి అమ్మ నీళ్ళోసుకుంది. కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం మా వైపు ఆనవాయితీ. నేనూ తమ్ముడూ లంకలోనే పుట్టాం. చిన్నవాడు మాత్రం ఏలూరులో, నాయనమ్మ చేతుల్లో పుట్టాడు. నొప్పులు పడుతున్నంతసేపూ అమ్మ ఎవరిని పిలిచిందో నాయనమ్మ విన్నది. వాడికి మూడేళ్ళు నిండుతున్నా అమ్మమ్మ వాణ్ణి కళ్ళ చూడలేదు. అమ్మ నాలుగేళ్ళుగా వాళ్ళమ్మని చూడలేదు. మధ్యలో ఉన్నది ఒక పూట ప్రయాణం. అమ్మ దాని గురించి ఎప్పుడూ ఏమీ అనేది కాదు. దక్షిణపు గాలి తోలినప్పుడు మాత్రం జమ్ము గడ్డి వాసన వస్తోందనేది. ఏలూరు దాకా కొల్లేటి జమ్ము వాసన ఎక్కడొస్తుంది? మాకెవరికీ వచ్చేది కాదు.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ కొల్లేటి మనిషి. నాయనమ్మ ఆవిడతో బేరమాడితే నాలుగిళ్ళ అవతలకి వినబడేది. అలాంటిది ఆ మాఘమాసంలో ఒకరోజు ఇద్దరూ తట్ట మీదికి వంగి గుసగుసలాడుకుంటున్నారు. చేప తాజాదో కాదో తేలక అలా దగ్గరికి వంగారనుకున్నాను.

ఆ సాయంత్రం నాన్నగారు అరుగు మీద కాగితాలు చూసుకుంటున్నారు. నాయనమ్మ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ, "ఒరే, ఆదివారం పిల్లలకి కొల్లేట్లో గూడకొంగల్ని చూపించుకొస్తాను" అంది. నాన్నగారు తలెత్తకుండానే ఊఁ అన్నారు. "కోడల్ని కూడా తీసుకెళ్తా. చంటాణ్ణి నీళ్ళ దగ్గర నేనొక్కదాన్నీ కాయలేను." అప్పుడు తలెత్తారు. కొల్లేరంటే, అని ఏదో అనబోయారు. "ఎవరి గడపా తొక్కంలే" అంది నాయనమ్మ, చేట మీంచి చూపు తిప్పకుండా. నాన్నగారు కాసేపు ఆవిడ వంకే చూసి, "సరేనమ్మా" అని మళ్ళీ కాగితాల్లో పడ్డారు.

మిల్లుకి వడ్లు తోలి ఖాళీగా పెదపాడు వైపు తిరిగెళ్ళే రెండెడ్ల బండి ఒకదాన్ని నాయనమ్మ మాట్లాడి పెట్టింది. ఆ బండతని తల్లికి ఈవిడ ఎప్పుడో పురుడు పోసిందట. అలా ఈవిడకి తెలియని బండి ఆ దారిలో ఉండేది కాదు. ఆదివారం తెల్లారుతూనే బయల్దేరాం. అమ్మ ఇంట్లో కట్టుకునే ముతక చీరతోనే వస్తే, నాయనమ్మ వెనక్కి పంపి చిలకపచ్చ చీర కట్టించింది. కొంగల్ని చూడ్డానికి చిలకపచ్చ చీరెందుకు అత్తయ్యా అని అమ్మ నవ్వింది. "కొంగలకీ కళ్ళుంటాయమ్మాయ్" అంది నాయనమ్మ. అమ్మకి అప్పటికి ఏమీ తెలియదు. తెలిసుంటే ఆ బండెక్కే ధైర్యం ఆవిడకి ఉండేది కాదని నాయనమ్మకి బాగా తెలుసు.

దారి పొడుగునా నాయనమ్మ మమ్మల్ని కుదురుగా కూర్చోనిస్తేగా. కుడివైపు నాది, ఎడమవైపు తమ్ముడిది. ఎవరివైపు ఎక్కువ వరి కుప్పలు లేస్తే వాళ్ళు మోతుబరులు. నా వైపు వరుసగా కుప్పలూ, తమ్ముడి వైపు కోసిన చేలూ తగిలి వాడు ఏడుపు మొహం పెడితే, చేలల్లో గేదెలు కూడా లెక్కలోకి వస్తాయని అప్పటికప్పుడు రూలు మార్చేసింది. అలా మార్చకూడదని నేను గొడవ చేశాను. మా బండి దిగే వేళకి నేను ఇరవై కుప్పల ఆసామిని, వాడు నలభై గేదెల ఆసామి. అమ్మ చంటాణ్ణి ఒళ్ళో వేసుకుని, మా మాటలేవీ వినకుండా దక్షిణం వైపే చూస్తూ కూర్చుంది.

బండి దిగి గట్టు మీద చాలాసేపు నడిచాం. ఒకచోట గట్టు మలుపు తిరిగింది, అంతే, ఇక నేల లేదు. కొల్లేరు. నేను అంతకు ముందు చూసిందే గానీ అయిదేళ్ళప్పటి చూపు ఏపాటిది! తామరాకులూ, కలువలూ, జమ్ము దుబ్బులూ, వాటి మధ్య సందుల్లాంటి నీటి దారులూ. మా చేపలావిడ ఒడ్డున దోనె పెట్టుకుని సిద్ధంగా ఉంది. తాటి మొద్దులు తొలిచి జంటగా బిగించిన పెద్ద దోనె అది. "రండమ్మా, మెల్లగా కాలెట్టండి, మజ్జిలో కూకోండి" అని ఒక్కొక్కళ్ళనే చెయ్యిచ్చి ఎక్కించుకుంది. వీధిలో తట్టతో చూసిన మనిషి దోనె తోసే గెడ పట్టుకునేసరికి మహారాణిలా కనిపించింది. అంతమందిమి ఎక్కిన దోనెని ఒక్కతే తోసుకుపోయింది.

కొంగల్ని చూపించింది, చూపించలేదని ఎవరూ అనలేరు. ముక్కు కింద సంచి వేలాడేసుకుని, గంపెడేసి ఒళ్ళతో అవి నీళ్ళమీద తేలుతుంటే, తమ్ముడు నోరు తెరిచి మూయలేదు. ఆ సంచిలో చేపల్ని పిల్లలకి మోసుకుపోతుంది, దానికి మన అన్నం మూటలాగా అని నాయనమ్మ చెప్పింది. చంటాడు కొంగని చూసి దణ్ణం పెట్టాడు. పెద్దగా కనిపించిన దేనికైనా వాడు దణ్ణం పెట్టేసేవాడు. అందరం నవ్వుతుంటే, జమ్ము దుబ్బు చాటునుంచి ఇంకొక దోనె వచ్చింది. గెడ వేస్తున్నవాడు మా చేపలావిడ భర్త. ముందు భాగంలో ఒక పెద్దావిడ కూర్చుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మావైపే చూస్తోంది.

అందరికన్నా ముందు అమ్మ గుర్తుపట్టింది. మా అమ్మ, అంది. గట్టిగా కూడా అనలేదు. తరవాత నాయనమ్మ వంక తిరిగింది. నాయనమ్మ మాత్రం అన్నం మూట ముడి విప్పడంలో మునిగిపోయినట్టు తల వంచుకుంది. రెండో దోనె వచ్చి మా పక్కన ఆనుకుంది. చేపలావిడ గెడని బురదలోకి దిగేసి, తాడుతో రెండు దోనెల్నీ కలిపి కట్టేసింది. అమ్మమ్మ అమ్మని ముట్టుకోలేదు. రెండు చేతులూ చాపి, "ఏడీ, వీడేనా?" అంది.

నేను లేచి నిలబడ్డాను. నాన్నగారు వద్దన్నారు, నాన్నగారితో చెప్పేస్తాను అని అరిచాను. దోనె ఒక పక్కకి ఒరిగింది. "కూకో తల్లీ, తిరగబడిపోద్ది!" అని చేపలావిడ కేకేసింది. అమ్మ మొహం పాలిపోయింది. అమ్మమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను చేసిన వెధవ పనులు చాలానే ఉన్నాయి, చాలావరకు మర్చిపోయాను. ఆ చేతులు వెనక్కి పోవడం మాత్రం మర్చిపోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాయనమ్మ కసిరి ఉంటే నేను ఇంకా మొండికేసేదాన్ని. ఆవిడ కసరలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎంతో మర్యాదగా, పెద్దవాళ్ళని అడిగినట్టు అడిగింది. "మీ నాన్న ఏమన్నాడే? ఉన్నదున్నట్టు చెప్పు." వాళ్ళ గడప తొక్కొద్దన్నారు అన్నాను. "మరి వెతుకు. ఈ దోనెలో గడపెక్కడుందో చూపించు. కనబడిందంటే ఇప్పుడే వెనక్కి తిప్పించేస్తాను." పరిహాసానికి అన్న మాట కాదది. ఆవిడ మొహం చూస్తే తెలిసింది, నేను చూపిస్తే నిజంగానే తిప్పించేస్తుంది.

నేను నిజంగానే వెతికాను. ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాను. తొలిచిన మొద్దులు, అడుగున కాసిని నీళ్ళు, అవి తోడే కొబ్బరి చిప్ప, మా మూట. పసుపు రాసిన చెక్క ఎక్కడా లేదు. వంగి అమ్మమ్మ దోనెలోకి కూడా చూశాను. అక్కడొక మట్టి దాక, మీద మూత, ఒక చిన్న మూట. అందరూ నా కోసం ఆగి ఉన్నారు. రెండు దోనెల్లోనూ గడప లేదని చివరికి ఒప్పుకున్నాను. "మరి తప్పుకో, చంటాణ్ణి అందించాలి" అంది నాయనమ్మ.

వాడు ముందు అమ్మ కొంగులో మొహం దాచుకున్నాడు. అమ్మమ్మ తొందరపడలేదు. తామర కాయ ఒకటి కోసి, గింజ ఒలిచి, లోపలి చేదు మొలక తీసేసి, తనే తింది. ఇంకొకటి ఒలిచి మళ్ళీ తనే తింది. మూడోదానికి వాడు చెయ్యి చాపాడు. నాలుగోదానికి ఆవిడ ఒళ్ళో ఉన్నాడు.

మధ్యాహ్నం అక్కడే, నీళ్ళమీదే అన్నాలు తిన్నాం. మా మూటలో పెరుగన్నం, మాగాయ. అమ్మమ్మ దాకలో ముందురోజు వండిన కొర్రమేను పులుసు. ఎవరు ఎవరింటికి వచ్చినట్టో తెలియదు, ఎవరు ముందు వడ్డించాలో తెలియదు. అటు చెయ్యి ఇటు, ఇటు చెయ్యి అటు. అమ్మమ్మ దాక మూత తీసి పిల్లల ఆకుల్లో పులుసు వేసి, అమ్మ ఆకులో తల ముక్క పెట్టింది. అమ్మకి చేప తలంటే ఇష్టమని నాకు ఆ రోజే తెలిసింది. మా ఇంట్లో అది నాన్నగారిది.

తిన్నాక అమ్మమ్మ మూటలోంచి దువ్వెన తీసింది. అమ్మ వెళ్ళి ఆవిడ ముందు, దోనె అడుగున కూర్చుంది. చిక్కు తీస్తూ, నూనె రాస్తూ, మళ్ళీ విప్పి మళ్ళీ అల్లుతూ ఆవిడ ఎంతసేపు కూర్చుందో. మాటలు పెద్దగా లేవు. గేదె ఈనిందా, మావయ్య పెళ్ళాం బాగుందా, ఇలాంటివే. జడ వేయడం అయిపోయిందంటే వెళ్ళే వేళ అయిపోయినట్టు, అందుకే మూడుసార్లు విప్పింది. అమ్మ కళ్ళు మూసుకుని, తల వెనక్కి ఆనించి, చిన్నపిల్లలా కూర్చుంది. అప్పటిదాకా అమ్మంటే నాకు అమ్మే. ఆవిడ కూడా ఒకరి కూతురని నాకెవరూ చెప్పలేదు.  కాసేపటికి వెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా జడ కూడా విప్పింది.

నాయనమ్మ ఆ చివర తమ్ముడికి కొంగల్ని లెక్కపెట్టడం నేర్పుతోంది. ఇటువైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

పొద్దు వాలకముందే బయల్దేరాం. పెదపాడులో అదే బండి, ఈసారి వడ్ల బస్తాల మీద మేము. నాకు ఏడుపు ఆగలేదు. నాన్నగారు అడుగుతారు. నన్నే అడుగుతారు. నిజం చెబితే అమ్మకి మళ్ళీ ఇలాంటి రోజుండదు, అబద్ధం చెప్పడం నాకు రాదు. వెక్కుతూ నాయనమ్మ చెవిలో అదే చెప్పాను. "అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు" అంది. "నీచేత అబద్ధం ఆడించేదాన్నైతే ఇంత దూరం తీసుకురావడమెందుకే? ఇంట్లోనే ఆడించేదాన్ని." ఆ మాటకి నా భయం పోలేదు గానీ, ఏడుపు ఆగింది. అమ్మ మా మాటలు విన్నది. నన్ను బతిమాలలేదు, నా వంక చూడనైనా చూడలేదు. కొత్తగా వేసిన జడని మాత్రం ముందుకి వేసుకుని పట్టుకుని కూర్చుంది.

దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరాం. నాన్నగారూ మేమూ అన్నాలకి కూర్చున్నాం, అమ్మ వడ్డిస్తోంది, నాయనమ్మ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. ఏం చూశార్రా అన్నారు నాన్నగారు. తమ్ముడు కొంగల సంచి గురించి చేతులు తిప్పుతూ చెప్పాడు. అంతలో చంటాడు ముద్ద మింగి, "అమ్మమ్మ!" అన్నాడు. వాడికి ఆ పూటే వచ్చిన మాట. బాగుందనిపించిందేమో, ఇంకోసారి అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్నగారు నావైపు తిరిగారు. నిజమేనా అన్నారు. నిజమేనండి అన్నాను. ఎక్కడ? నీళ్ళమీదండి, దోనెలో. ఎవరి గడపైనా తొక్కారా? లేదండి, నేను వెతికానండి, దోనెకి గడప లేదండి.  నాన్నగారు అన్నం కలిపారు. కలిపిన అన్నమే మళ్ళీ కలిపారు. దీపం దగ్గర పురుగులు తిరుగుతున్నాయి. నాయనమ్మ కాళ్ళు ముడుచుకోలేదు, ఒక్క మాట సాయం రాలేదు.

చివరికి, "పొద్దస్తమానం నీళ్ళమీదేనా?" అన్నారు. అవునండి అన్నాను. "ఎండ తగల్లేదూ, ఆవిడకి?" ఎవరి గురించి అడుగుతున్నారో నాకు ఒక క్షణం తెలియలేదు. తెలిశాక, తగిలిందండి, చెయ్యి అడ్డం పెట్టుకుందండి అని చెప్పాను. నాన్నగారు ఇంకేమీ అడగలేదు. మజ్జిగ పొయ్యమని అమ్మతో అన్నారు. అమ్మ పోసిన మజ్జిగ సగం కంచం బయట పడింది.

నెల తిరిగాక, పిల్లలు మళ్ళీ కొంగల్ని చూడరా అమ్మా అని అడిగింది నాన్నగారే. ఆ ఆదివారం తెల్లవారుజామున మేం మూట కట్టుకుంటుంటే, ఆయన కోర్టుకి రోజూ చంకలో పెట్టుకెళ్ళే నల్ల గొడుగు తెచ్చి మూట మీద పెట్టారు. "నీళ్ళమీద ఎండెక్కువ" అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు. "అవున్రా" అంది నాయనమ్మ, అంతకు మించి అనలేదు. అమ్మ ఆ గొడుగు అమ్మమ్మ దగ్గరే ఉంచేసి వచ్చింది. ఇంట్లో కొత్త గొడుగు చూసి మా తాతయ్య ఎవరిదని అడిగాడట. మూడోసారి మేం వెళ్ళేసరికి అమ్మమ్మ దోనెకి గెడ వేస్తున్నది తాతయ్య. ఎవరి గొడుగు వాళ్ళ చేతికే ఇవ్వాలి, ఆయన్ని గట్టుదాకా రమ్మనండి అన్నాడు. నాలుగోసారి నాన్నగారు వచ్చారు. నాన్నగారు గట్టు మీద, తాతయ్య దోనెలో. వరి ఎలా పండిందని నాన్నగారు, కోర్టు ఎలా ఉందని తాతయ్య. మాట్లాడుతూ మాట్లాడుతూ నాన్నగారు చెప్పులు విడిచి, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి గొడుగు అందుకున్నారు. అన్న మాట మాత్రం ఇద్దరూ చివరిదాకా వెనక్కి తీసుకోలేదు. నాయనమ్మ బతికుండగా తీసుకోవలసిన అవసరమూ రాలేదు.

పెద్దయ్యాక నేను ఎంతోమంది తెలివైనవాళ్ళని చూశాను. చదువుకున్నవాళ్ళని, సభల్లో మాట్లాడేవాళ్ళని, తగువులు తీర్చేవాళ్ళని. మా నాయనమ్మకి సంతకం కూడా రాదు. కొడుకు మాట తప్పని మనిషిగానే ఉండిపోయాడు, వియ్యంకుడూ అలాగే, కోడలికి తల్లి దొరికింది, నాకు అబద్ధం ఆడే పని పడలేదు. ఇంతా చేసి ఆవిడ లెక్కలో అది పిల్లలకి కొంగల్ని చూపించిన రోజు. ఎవరైనా మెచ్చుకోబోతే, ఆ ఏడు కొంగలు బాగా వచ్చాయి అనేది.

ఆ రోజునుంచి నేను దాచుకున్నది అదే. ఇంట్లో ఇద్దరికి మాటలు పోతే, తప్పెవరిదని నేను అడగను. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామా అని చూస్తాను. నా కొడుకులిద్దరూ పొలం గట్టు దగ్గర మాటామాటా వచ్చి రెండేళ్ళు మొహాలు చూసుకోలేదు. ఒక ఆదివారం ఇద్దరి పిల్లల్నీ ఆకివీడు తీసుకెళ్తానని రైలెక్కించాను. ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎక్కించడానికి తండ్రులిద్దరూ స్టేషనుకి వచ్చారు. నేను పిల్లలందర్నీ ఒక్క కిటికీ దగ్గరే కూర్చోబెట్టి, రైలు కదిలేదాకా లేవనివ్వలేదు. తండ్రులిద్దరూ ఆ ఒక్క కిటికీ దగ్గరే, పక్కపక్కన నిలబడాల్సి వచ్చింది.